కాదనుటయు అనకుండుటయు

కృష్ణాతీరమున నాగార్జునుని పేరు వినని యిల్లు లేదు. ఆయన పేర కొండ యున్నది, ఆనకట్ట యున్నది, జలాశయ మున్నది. విజయవాడ గుంటూరుల నడుమ 1976వ సంవత్సరమున వెలసిన విశ్వవిద్యాలయము సయితము ఆయన పేరనే నడచుచున్నది. పేరు ఇంత దగ్గరగా నుండగా గ్రంథము మాత్రము చాల దూరముగా నున్నది. మన యిండ్లలో ఆయనను గూర్చి రెండు మాటలు తఱచుగా వినవచ్చును. పడమటి వారు నేడు కనుగొనుచున్న తర్కరహస్యముల నెల్ల మన నాగార్జునుడు పదునెనిమిది వందల యేండ్ల క్రిందటనే చెప్పియుంచెనని యొక మాట. ఉన్నది, లేదు, ఉండియు లేనిది, ఉండుటయు లేకుండుటయు గానిది అను ఈ మాటల గారడితో సంసారులకు పని యేమని రెండవ మాట. మొదటిది చదువక పొగడుట. రెండవది చదువక తెగడుట. గడచిన డెబ్బది యేండ్లలో దేశదేశముల తార్కికులు నాగార్జునుని చతుష్కోటిని ఏ యే విధముల చదివిరో పరీక్షించి, ఆ పఠనములలో నేది నిలుచునో, ఏది నిలువదో మా బుద్ధికి దోచినట్లు చెప్పుట ఈ వ్యాసమున మేము పూనుకొన్న పని. మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ చిక్కంతయు నిషేధము వాక్యములో ఏ తావున కూర్చున్న దన్న ప్రశ్నపై నాధారపడియున్నది. ఆ తావు గుర్తింప నేర్చినవారికి తార్కికుల వాదములే గాక, ఇంటి వాదములును వేఱు విధముగ గానవచ్చును.

మొదట దేశకాలముల మాట. నాగార్జునుడు క్రీస్తుశకము రెండవ మూడవ శతాబ్దముల నడుమ నుండెనని పండితులు సామాన్యముగా నంగీకరించుచున్నారు. ఆయన యొక శాతవాహనరాజునకు లేఖారూపమున హితోపదేశము చేసెనని పరంపర చెప్పుచున్నది. సుహృల్లేఖ, రత్నావళి యనునవి యా యుపదేశములు. జోసెఫ్ వాల్సర్ అను అమెరికా పండితుడు 2005లో ప్రకటించిన గ్రంథమున, రత్నావళి రెండవ శతాబ్దపు చివరిభాగమున ధాన్యకటక ప్రాంతమున, అనగా నేటి అమరావతి ప్రాంతమున, వ్రాయబడి యుండునని వాదించెను. ఇది బలముగల యూహయే గాని శాసనప్రమాణము గాదు. నాగార్జునకొండ శిథిలములు 1926లో బయల్పడినవి. జలాశయపు నీరు ముంపకమునుపు 1954 మొదలు 1960 వఱకు విస్తారముగా త్రవ్వకములు జరిగినవి. ఇక్ష్వాకుల శాసనము లనేకము దొరకినవి గాని, మూలమధ్యమకకారికల కర్త అచ్చట నివసించెనని చెప్పు శాసనము వానిలో లేదు. జగ్గయ్యపేటయందు దొరకిన యొక శాసనమున నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభుడనియు, అతని శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధప్రతిమను నిలిపెననియు నున్నది. కాని యా లిపి మన గ్రంథకర్తకు కొన్ని శతాబ్దముల తరువాతిది. ఆ పేరు మఱొకనిదై యుండవలెను. కావున కృష్ణాతీరమునకు నాగార్జునునిపై గల హక్కు సంభావ్యమైనదే గాని నిశ్చితమైనది గాదు. తర్కమును గూర్చి వ్రాయువారు మొదటనే సంభావ్యమును నిశ్చితముగా జూపరాదు.

ఈ వ్యాసమునకు ముఖ్యుడగు మఱొక యాచార్యుడు కలడు. ఆఱవ శతాబ్దమువాడైన భావవివేకుడు నాగార్జునుని కారికలకు ప్రజ్ఞాప్రదీపమను వ్యాఖ్య వ్రాసెను. దాని సంస్కృతమూలము నశించి టిబెట్టు, చీనా అనువాదములు మాత్రము నిలిచినవి. ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకమును వర్ణించుచు, నగరమునకు దక్షిణమున నున్న కొండలో భావవివేకుడు మైత్రేయుని రాకకై నిరీక్షించుచు ప్రవేశించెననియు, ఆవగింజలు తగులగా రాయి తెఱచుకొని మరల మూసికొనెననియు తాను విన్న కథ నొకదానిని వ్రాసెను. ఆ నగరము బెజవాడయే యని ఫెర్గూసన్ మొదలగువారు తలచిరి. అమరావతియని పెక్కుమంది తలచుచున్నారు. కథ యెట్లున్నను, నిషేధము రెండు విధములని చెప్పి ఆ భేదముతో నాగార్జునుని వ్యాఖ్యానించినవాడు ఈ తీరముతో పేరు ముడివడిన యీ భావవివేకుడే. ఆయన మాట వెనుక మరల వచ్చును.

చతుష్కోటి యనగా నాలుగు కోణములు. ఒక వస్తువును గూర్చి ఉన్నదనుట యొకటి, లేదనుట యొకటి, రెండును అనుట యొకటి, రెండును గాదనుట యొకటి. మూలమధ్యమకకారికల ఇరువదియేడు ప్రకరణములలో మొదటిదానియందే ఈ పద్ధతి కానవచ్చును. వస్తువు లెట్లు పుట్టుచున్న వని ప్రశ్న. మన వరిమడిలోని మొలకను తీసికొందము. మొలక తననుండి తానే పుట్టునన్నచో, అది యదివఱకే యున్నది గావున మరల పుట్టవలసిన పని లేదు. తనకంటె కేవలము వేఱైనదానినుండి పుట్టునన్నచో, విత్తనమెంత వేఱో గులకరాయియు నంత వేఱు. గులకరాతినుండి యేల మొలవదు? రెండింటినుండియు ననినచో రెండు దోషములును కలియును. ఏ కారణమును లేకయే పుట్టుననినచో, దుక్కి దున్నుటయు నారు పోయుటయు వ్యర్థమగును. ఇట్లు నాలుగు కోణములను ద్రోసివేసి, ఆచార్యుడు అయిదవ సిద్ధాంత మేదియు నిలుపక యూరకుండును. విగ్రహవ్యావర్తని యను డెబ్బది శ్లోకముల గ్రంథమున ప్రతివాది ఆయనను నిలదీయును: సర్వమును స్వభావశూన్యమేని నీ మాటయు శూన్యమే; అట్టి మాట దేనిని కాదనగలదు? నాకు ప్రతిజ్ఞయే యుండినచో ఆ దోషము నాకు తగులును, నాకు ప్రతిజ్ఞ లేదని ఆయన భావము వచ్చునట్లు బదులు చెప్పును.

ఇచ్చటనే తార్కికునికి కాలు జాఱును. అరిస్టాటిలు నాటినుండి పాఠశాలలలో చెప్పబడు తర్కమున ఒక వాక్యము సత్యమైనను కావలెను, అసత్యమైనను కావలెను. ఉన్నదనుట తప్పైనచో లేదనుట ఒప్పు. అదియు తప్పనువాడు తన్ను తానే ఖండించుకొనినవా డగును. ఇక నాలుగింటిని ద్రోయువా డేమనుచున్నట్లు? దీనికి ఇరువదవ శతాబ్దమున మొదటగా ప్రఖ్యాతి గాంచిన సమాధానము టి. ఆర్. వి. మూర్తిగారిది. ఆయన 1955లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమున, బుద్ధి తన హద్దులను దానే బయట పెట్టుకొను వాదక్రమముగా మాధ్యమికమును జూపి, జర్మను తత్త్వవేత్త కాంటుతో పోల్చి, బుద్ధి కందని పరతత్త్వము మిగులునని చెప్పెను. గ్రంథము గంభీరమైనది. కాని దేనిని మిగులనీయనని చెప్పినవాని వెనుక పరతత్త్వమును నిలుపుట వేదాంతపు మెట్టునుండి చూచిన చూపని మా యభిప్రాయము. నాలుగు కోణములను మూసి, కప్పులో ద్వారము తెఱచినట్లున్నది.

దీనికి ప్రత్యుత్తరముగా వచ్చినది రిచర్డు రాబిన్సను పఠనము. ఆయన 1957లో వ్రాసిన వ్యాసమున, స్తోత్రమును దూషణమును మాని, నాగార్జునుని వాక్యములను తర్కసంకేతములలోనికి మార్చి, ఏ యనుమానము చెల్లునో ఏది చెల్లదో లెక్కించెను. నాగార్జునుడు విరోధనియమము నెఱిగి దాని నుపయోగించెనని ఆయన చూపెను. ఇది మాటల గారడియనువారికి చెంపపెట్టు. అయితే కొన్ని తావుల ఆచార్యుని యనుమానము తప్పినదనియు రాబిన్సనే చూపెను. ఆ తప్పు ఇట్టిది: వాన కురిసినచో నేల తడియును, వాన కురియలేదు, కావున నేల తడియలేదు. మన డెల్టా రైతు ఈ యనుమానమును విని నవ్వును, ఏలయన వాన లేకున్నను కాలువ నీటితో నేల తడియునని అతడెఱుగును. 1972లో రాబిన్సను మఱింత కఠినముగా, నాగార్జునుని విజయము గవ్వను గిన్నెల క్రింద మార్చు ఆటవంటిదని, ప్రతివాది పక్షమునకు తానే నిర్వచనమిచ్చి దానినే కూల్చుచున్నాడని వ్రాసెను. 1994లో రిచర్డు హేస్, 'స్వభావ' శబ్దము ఒకచోట వస్తువుయొక్క స్వలక్షణమను నర్థమునను, మఱొకచోట ఇతరాపేక్ష లేకుండుట యను నర్థమునను వాడబడుటచేత వాదము జాఱుచున్నదని చూపెను. ఈ యాక్షేపణలు మన పొగడ్తలకంటె నాగార్జునునికి ఎక్కువ గౌరవము చేయుచున్నవి. చదివినవాడే తప్పు పట్టగలడు. హేసు చెప్పిన దోషము కొన్ని కారికల విషయమున మాకు నిజముగానే తోచుచున్నది. మొలకను గూర్చిన వాదమునను 'వేఱు' అను మాట రెండర్థముల నడుమ కదలుచున్నది. కాని కొన్ని యనుమానములు తప్పినంతమాత్రమున నాలుగు కోణములను ద్రోయు పద్ధతియే అసంగతమని తేలదు. ఆ ప్రశ్న వేఱు.

దానికి తాళపుచెవి భావవివేకుని చేతిలో నున్నది. సంస్కృత వైయాకరణులు నిషేధమును పర్యుదాసమనియు ప్రసజ్యప్రతిషేధమనియు రెండుగా విభజించిరి. భావవివేకుడు మొదటి కారికకు వ్యాఖ్య వ్రాయుచు ఇచ్చటి నిషేధము ప్రసజ్యమని స్పష్టముగా చెప్పెను. పేర్లు భయము పుట్టించునవి గాని సంగతి సులభము. 'బ్రాహ్మణేతరుడు' అన్నచో, బ్రాహ్మణుడు గాని మఱొక మనుష్యుడని యర్థము. నిషేధము ఒకనిని తొలగించి వేఱొకనిని తెచ్చి కూర్చుండబెట్టినది. ఇది పర్యుదాసము. 'ఇచ్చట బ్రాహ్మణుడు లేడు' అన్నచో ఎవరున్నారో చెప్పలేదు, అసలెవ్వరును లేకపోవచ్చును. ఇది ప్రసజ్యము. నాగార్జునుడు 'తననుండి పుట్టదు' అన్నప్పుడు 'ఇతరమునుండి పుట్టును' అని లోలోపల అనుచున్నట్లు మనము వినుచున్నాము. ఆ వినికిడి మనది, ఆ మాట ఆయనది గాదు. తెలుగు భాషకు 'కాదు', 'లేదు' అని రెండు మాటలుండుటచేత ఈ విభాగము మనకు చప్పున దోచును. 'ఇది గుఱ్ఱము కాదు' అన్నచో మఱేమో యున్నది. 'గుఱ్ఱము లేదు' అన్నచో చోటు ఖాళీ. అయినను తెలుగు వ్యాకరణము నాగార్జునుని నిరూపించునని యనరాదు. ఆయన వ్రాసినది సంస్కృతము; మన మాటలు విభాగమును గుర్తించుటకు ఆసరా మాత్రమే.

ఈ ప్రాచీన విభాగమును నేటి తర్కముతో జతపఱచినవాడు బిమలకృష్ణ మతిలాల్. ఆయన 1971లో ప్రకటించిన గ్రంథమున, ప్రసజ్యనిషేధము వాక్యార్థమును గాక వాక్యమును పలుకు క్రియను నిషేధించునని వివరించెను. 'రానని మాట యిచ్చితిని' అనుట యొకటి. 'వత్తునని మాట యియ్యను' అనుట మఱొకటి. మొదటివాడు మాట యిచ్చినవాడే. వచ్చెనేని మాట తప్పినవాడగును. రెండవవాడు వచ్చినను రాకున్నను తప్పు లేదు, ఏలయన అతడు మాటయే యియ్యలేదు. నాగార్జునుడు ఉన్నదని ప్రతిజ్ఞ చేయడు, లేదనియు ప్రతిజ్ఞ చేయడు. రెండు ప్రతిజ్ఞలకు విరోధ ముండవచ్చును గాని రెండు ప్రతిజ్ఞలు చేయకుండుటకు విరోధము లేదు. ఇంత సులభమైన మాటతో ఇంత పాత చిక్కు విడుట చూచి మేము సంతోషించితిమి.

నిషేధము కూర్చుండు తావును గూర్చిన విచారము తర్కమున మఱొక శాఖయందు మిక్కిలి పెంపు చెందినది. 'వలెను', 'వచ్చును', 'కూడదు' అను మాటల తర్కమది. సి. ఐ. లూయిస్ 1918లోను 1932లోను ప్రకటించిన గ్రంథములతో దాని నేటి రూప మారంభమైనది. ఇరువది యేండ్లయినను నిండని సాల్ క్రిప్కే 1959లో వ్రాసిన వ్యాసము దానికి గట్టి పునాది వేసినది. సంభవింపదగిన లోకస్థితు లన్నింటను నిలుచునది తప్పనిసరి; వానిలో నొక్కదానియందైన నిలుచునది సంభావ్యము. 1951లో ఫన్ రైట్ అను ఫిన్లండు తార్కికుడు ఇదే పద్ధతిని విధినిషేధములకు అన్వయించెను. తెలుగువారికి దీనిలో క్రొత్త యేమియు దోచదు. 'వెళ్ళవలెను' అను విధిని రెండు తావుల కాదనవచ్చును. 'వెళ్ళనక్కఱలేదు' అన్నచో విధి తొలగినది. వెళ్ళుటకును మానుటకును స్వేచ్ఛ కలదు. 'వెళ్ళకూడదు' అన్నచో విధి తొలగలేదు. మానుటయే విధి యయినది. చిన్నపిల్లవాడైనను ఈ రెంటిని కలిపివేయడు. పెద్దలు మాత్రము సభలలో కలిపివేయుదురు.

దీనికి మన సంఘసంస్కరణ చరిత్రమే సాక్షి. 1856వ సంవత్సరపు పదునైదవ చట్టము ఏ వితంతువును పెండ్లాడుమని యాజ్ఞాపింపలేదు. పెండ్లాడినచో ఆ వివాహము చెల్లదను అడ్డును తొలగించినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన వివాహము 'చేసికొనవచ్చును' అను మాటకు సాక్ష్యముగాని, 'చేసికొనవలెను' అను మాటకు గాదు. 'కూడదు' అను కట్టును విప్పుట 'వలెను' అను కట్టును వేయుట గాదని తెలిసినవారికి, ఆచారము చెడగొట్టుటకు బలవంతము జరుగుచున్నదను నాక్షేపణకు ఆధారమే కానరాదు. శాస్త్రము విధింపలేదు గనుక నిషేధించినదే యను వాదమును ఇట్టిదే. విధి లేకుండుట యొకటి, నిషేధ ముండుట యొకటి. ఉన్నదని యనకుండుటకును లేదనుటకును నడుమ మతిలాల్ చూపిన యెడమే ఇచ్చటను కలదు. వాక్యము మొదట నున్న నిషేధమును జాఱవిడిచి వాక్యము లోపల పెట్టుటయే రెండు చోట్లను జరుగుచున్న తప్పు.

ఇక నేటి తార్కికులలో మిక్కిలి చర్చ పుట్టించిన పఠనమునకు వత్తము. అది గ్రాహమ్ ప్రీస్ట్, జే గార్ఫీల్డు అనువారిది. ప్రీస్ట్ 1979 నుండియు, కొన్ని వాక్యములు సత్యములును అసత్యములును అగుటకు అడ్డు లేదనియు, అంతమాత్రమున సర్వమును ఒప్పుకొనవలసిన పని లేదనియు వాదించుచున్నవాడు. నాలుగు కోణములను ఆయన నాలుగు సత్యమానములుగా గ్రహించును: సత్యము మాత్రము, అసత్యము మాత్రము, రెండును, ఏదియు గానిది. ఇది వెఱ్ఱి మాట గాదు. న్యూయెల్ బెల్నాప్ 1977లో కంప్యూటరు ఎట్లాలోచింపవలెనో చెప్పుచు ఇట్టి నాలుగింటినే యేర్పఱచెను. కాలువ లాకు తెఱచిరా యని కచేరికి కబురు రావలసియున్న దనుకొందము. తెఱచిరని కబురు రావచ్చును, తెఱవలేదని రావచ్చును, ఇద్దఱు మనుష్యులు రెండు విధముల చెప్పుటచేత రెండును రావచ్చును, ఏ కబురును రాకపోవచ్చును. చిట్టాలో ఈ నాలుగు గడులును కావలసినవే. మూడవ గడి నిండినంత మాత్రమున గుమాస్తా తక్కిన చిట్టానంతయు చించివేయడు. చతుష్కోటిని అర్థము లేని మాటలనువారికి ఈ యుదాహరణము చాలును.

అయితే నాగార్జునుడు నాలుగింటిని ద్రోసివేయుచున్నాడు గదా? దీనికై ప్రీస్ట్ 2010లో వ్రాసిన వ్యాసమునను, 2018లో ప్రకటించిన గ్రంథమునను అయిదవ గడి నొకదానిని చేర్చెను. అది వాక్కున కందనిదాని గడి. అంతకు మునుపు 2003లో గార్ఫీల్డుతో కలిసి వ్రాసిన వ్యాసమున, పరమార్థసత్య మేదియు లేదనుటయే పరమార్థసత్యమనియు, వస్తువులకు స్వభావము లేకుండుటయే స్వభావమనియు, ఇవి నిజమైన విరోధములనియు, నాగార్జునుడు వీనిని తెలిసియే యంగీకరించెననియు వారు వాదించిరి. ఈ వ్యాసము పదునుగలది, చదువదగినది. కాని మాకు రెండు ఆక్షేపణలు కలవు. మొదటిది, అయిదవ గడిని గూర్చి. గడి యున్నచో వస్తువు దానిలో నున్నదా లేదా యని ప్రతివాది మరల నడుగును. అప్పుడు ఆఱవ గడి కావలెను. నాలుగింటిని ద్రోసినవాడు గడులు గీయు పనినే మానెనని చెప్పుట కంటె, మఱొక గడి గీసెనని చెప్పుట యెట్లు మేలు? రెండవది, విరోధమును గూర్చి. 'స్వభావము లేదు' అను ప్రసజ్యమును 'స్వభావరాహిత్యమను స్వభావ మున్నది' అను పర్యుదాసముగా మార్చినప్పుడే విరోధము పుట్టుచున్నది. సంచిలో నేమియు లేదనగా, ఆ యేమియు లేమిని నాకిమ్మని చేయి చాచినట్లున్నది. భావవివేకుడు ఆ మార్పునే నిషేధించెను. విరోధము మూలమునుండి వచ్చినది గాదు, పఠించిన తీరునుండి వచ్చినది.

ఇట్లని మతిలాల్ పఠనము కడపటి మాటయని మేము చెప్పము. దానికిని ఒక లోపము కలదు. ప్రతిజ్ఞ చేయకుండుట మాత్రమే నాగార్జునుని పని యైనచో ఆయన యూరకుండిన సరిపోవును; రాయియు ప్రతిజ్ఞ చేయదు. ఆయన ప్రతి కోణమును హేతువు చూపి ద్రోయుచున్నాడు. ఇది మౌనము కంటె అధికము. ఈ కొఱతను దీర్చునది, గడచిన ముప్పది యేండ్లుగా పెరుగుచున్న మఱొక విచారము. నిరాకరించుట యనగా నిషేధవాక్యమును ప్రతిజ్ఞ చేయుటయే, వేఱు క్రియ యక్కఱలేదని 1919లో జర్మను తార్కికుడు ఫ్రేగె తీర్పు చెప్పియుండెను. 1996లో టిమొతీ స్మైలీయు, 2000లో అయాన్ రమ్‌ఫిట్టును ఆ తీర్పును తిరుగదోడి, అంగీకారమును నిరాకరణమును రెండు స్వతంత్రక్రియలుగా నిలిపిరి. 2017లో ఇన్‌కుర్వాటి, ష్లోడర్ అనువారు నిరాకరణములో బలహీనమైన దొకటి కలదని విస్తరించిరి. ఎన్నికలో రాముడో భీముడో గెలుచునని యొకడనగా, 'కాదు, సోముడును గెలువవచ్చును' అని మఱొక డనును. ఈ 'కాదు' రాముడును భీముడును ఓడుదురని చెప్పుట లేదు. 'వచ్చును' అను మాటకు చోటు విడువుమని మాత్రము చెప్పుచున్నది.

నాగార్జునుని నిరాకరణము ఇంత బలహీనము గాదు, ఎదుటి పక్షమును స్థాపించునంత బలమైనదియు గాదు. కుందేటి కొమ్ము వాడియా మొద్దా యని యడిగినవానికి వాడి కాదనియు మొద్దు కాదనియు హేతువుతోడనే చెప్పవచ్చును. ఆ రెంటికిని సామాన్యమైన ఊహ, కొమ్మున్నదను నూహ, చెడినది. నాగార్జునుని నాలుగు కోణములకును సామాన్యమైన యూహ స్వభావ మున్నదనుట. ఆ యూహను హేతువుతో పడగొట్టి, ఎదుటి ప్రతిజ్ఞ చేయకుండుటయే చతుష్కోటియని మా నిర్ణయము. ఇది యన్నిటిని పరిష్కరింపదు. పదునెనిమిదవ ప్రకరణమున నాలుగు కోణములు త్రోయబడక బుద్ధుల యుపదేశముగా చెప్పబడినవి. దానికి శిష్యుల యోగ్యతాభేదమును చెప్పిన వ్యాఖ్యాతల సమాధానమునే ఇప్పటికి ఆశ్రయింపవలసి యున్నది. రెంటిని నిరాకరించుటకు హక్కెప్పుడు కలుగునో తెలుపు నియమమును గట్టిగా వ్రాయవలసియే యున్నది. లేనిచో ప్రతి సోమరియు తన పలాయనమునకు నాగార్జునుని పేరు పెట్టుకొనును.

విజయవాడవారికి ఈ విభాగము పరీక్షించుకొనుటకు మఱొక నిదర్శనము దగ్గరలోనే యున్నది. గోరా యని పిలువబడిన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణామండలపు ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడ పటమటకు మారినది. నాస్తికత్వము దేవుడు లేడను మాటతో ముగిసిపోదనియు, మనుష్యుని స్వాతంత్ర్యమును బాధ్యతను స్థాపించు మాటయనియు ఆయన బోధ. 1972లో ఆయన ప్రకటించిన యాంగ్లగ్రంథమునకు 'పాజిటివ్ ఏథీయిజం' అని పేరు పెట్టుటయే దానికి సాక్షి. ఇది పర్యుదాసము: ఒకదానిని తొలగించి మఱొకదానిని కూర్చుండబెట్టు నిషేధము. నాగార్జునునిది ప్రసజ్యము. ఒకే నదీతీరముతో పేరు ముడివడిన యీ యిద్దఱును కాదన్నవారే. కాని వారి 'కాదు'లు వేఱు జాతులవి. గోరాగారి నిషేధమునకు ఆచరణబల మున్నది, ఏలయన తరువాత నేమి చేయవలెనో అది చెప్పును. అందుచేతనే దానికి నిరూపణభారమును ఎక్కువ. నాగార్జునుని నిషేధమునకు ఆ భారము తక్కువ. తరువాత నేమి చేయవలెనో అది చెప్పదు. సంస్కర్తకు రెండును కావలెను గాని, తన చేతిలో నున్నది ఏదో తెలియవలెను.

ఇండ్లలో దీని యుపయోగ మేమందురా? పెండ్లిమాటలకు వచ్చిన పెద్ద మనుష్యులు కట్నమెంతయని యడుగుదురు. ఎక్కువయనినను తక్కువయనినను బేరము సాగును. కొంత నగదు, కొంత భూమి యనినచో మూడవ కోణము. కట్నమేమియు వద్దు, పిల్లకు మీ ముచ్చట కొలది పెట్టుకొనుడనినచో అది నాలుగవ కోణము. అదియే తఱచుగా ఎక్కువ ఖరీదైనది. కట్నము పుచ్చుకొనుటయు ఇచ్చుటయు 1961 నుండి చట్టవిరుద్ధము. అయినను బేరము ఆగలేదు, ఏలయన నాలుగు కోణములలో నేదో యొకటి చెప్పితీరవలెనని ఆడపిల్లవారు నమ్మియున్నారు. పిల్లకు వెల కలదను నూహయే ఈ ప్రశ్నకు కుందేటి కొమ్ము. దానిని పడగొట్టి, ఏ కోణమునకును బదులు చెప్పక, సంబంధమును గూర్చి వేఱుగా మాటలాడుడని యనగల తల్లి నాగార్జునుని చదువకపోయినను ఆయన పద్ధతి నెఱిగినదే. అట్లే, కోడలు ఉద్యోగము చేయనక్కఱలేదని యత్తగారు ప్రేమతో ననిన మాట, పదిమంది నోట పడి చేయకూడదను నాజ్ఞగా మాఱుట మనమెఱుగనిది గాదు. అక్కఱలేదనుట యామెకు విడిచిన స్వేచ్ఛ; కూడదనుట ఆమెకు వేసిన సంకెల. నడుమ జరిగినది నిషేధము చోటు మాఱుట మాత్రమే. దాని ఫలము ఒక మనుష్యురాలి జీవితము.

కావున ఆచార్యుని పేరు వీధులకును కట్టడములకును పెట్టుటతో మన ఋణము తీరలేదు. 1971లో నేషనల్ బుక్ ట్రస్టువారి కొఱకు నాగార్జునుని గూర్చి గ్రంథము వ్రాసిన కొత్త సచ్చిదానందమూర్తిగారు గుంటూరు మండలమువారే. ఆ మార్గమున నడచువారు నేడు మన కళాశాలలలో పెరుగవలెను. విగ్రహవ్యావర్తని వంటి చిన్న గ్రంథమును, దానిపై వచ్చిన యాక్షేపణలతో గూడ, ఇంటివారు చదువదగిన తెలుగున పాఠముగా చెప్పవలెను. ఉన్నత పాఠశాలల విద్యార్థులకు వాదమున గెలుచుట నేర్పుటకంటె ముందు, ఒక వాక్యమును ఎన్ని తావుల కాదనవచ్చునో, ఏ తావున కాదనిన నేమి మిగులునో నేర్పవలెను. పట్టిన కుందేటికి మూడే కాళ్ళను పట్టుదల మన సభలను ఎంతకాలముగా నేలుచున్నదో చదువరు లెఱుగుదురు. నాలుగవ కాలిని చూపుటకంటె ముందు, ఆ కుందేలు మన చేతిలో నున్నదా యని యడుగు ధైర్యము కావలెను.